వానకు తరుగు

హైదరాబాద్ వెళ్లొచ్చానంటే మా విజయనగరంలో ఎవరైనా అడిగేవి రెండే: చార్మినార్ చూశావా, బిరియానీ తిన్నావా అని. నేను ఆ రెండూ చేయలేదు. శంషాబాద్ చుట్టుపక్కల మూడు రోజులు తిరిగి, ఒక రైతు పెరట్లో ఉన్న వాన కొలిచే డబ్బాను చూసి వచ్చాను. "డబ్బా కోసం అంత దూరమా!" అని మా పక్కింటావిడ బుగ్గలు నొక్కుకుంది. వెళ్లేటప్పుడు నాకూ అలాగే అనిపించింది కాబట్టి ఆవిడను ఏమీ అనలేకపోయాను.

ముందు నా పనేమిటో చెప్పాలి. రాబోయే ఏళ్లలో ఎండావానలు ఎలా మారతాయో లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్లను నమ్మొచ్చో లేదో పరీక్షించడం నా ఉద్యోగం. రేపటి సంగతిని ఇవాళ ఎవరు తేల్చగలరు? అందుకని గడిచిపోయిన ఏళ్లతోనే మోడల్‌కు పరీక్ష పెడతాం. గత ముప్పై ఏళ్లలో ఈ చోట వానలు ఎలా పడి ఉంటాయో చెప్పమని అడిగి, నిజంగా కొలిచిన లెక్కలతో పోల్చి మార్కులు వేస్తాం. ఫలానా తారీఖున వాన పడిందా అని అడగకూడదు, అది దానికి తెలియదు. ఏడాదికి పెద్దవానలు ఎన్ని, అవి ఎంత పెద్దవి, అలాంటివి అడగాలి.

శంషాబాద్ దగ్గర మా మోడల్ తప్పింది. చిరుజల్లులు అవసరానికి మించి కురిపించడం దానికి ఎప్పుడూ ఉన్న జబ్బే, అది మాకు అలవాటే. కానీ ఇక్కడ పెద్దవానలను కూడా పెంచి చెప్పింది. ఆ ప్రాంతంలో మాకు దొరికిన ముప్పై ఏళ్ల లెక్క జంగయ్య అనే రైతు పెట్టినది ఒక్కటే. దానితో పోల్చి చూసి, మోడల్ చెప్పే పెద్దవానలను తగ్గించే సవరణ ఒకటి నేనే తయారుచేశాను. ఆ తగ్గించిన అంకెలతోనే శంషాబాద్ పక్కన ఒక లోతట్టు కాలనీకి కట్టబోయే నాలా, అంటే వాననీటి కాలువ, ఎంత వెడల్పుండాలో ఖాయమవుతుంది. "సంతకం పెట్టే ముందు ఆ డబ్బా ఒరిగిపోయి ఉందో, చెట్టు కింద ఉందో ఒకసారి చూసి రామ్మా" అన్నారు మా పెద్దసారు. వారం రోజుల్లో కాగితం పోవాలి. అదీ నా యాత్ర.

ఆరాంఘర్

ఆరాంఘర్ చౌరస్తాలో పొద్దున్నే దిగాను. పేరులో ఉన్న ఆరామం చౌరస్తాలో ఎక్కడా కనబడలేదు. బస్సులు, లారీలు, విమానం అందుకోవాలని హారన్ మీద చెయ్యి తీయని కార్లు. ఇడ్లీ బండి దగ్గర నిలబడి అల్లం చట్నీ ఉందా అని అడిగాను. బండి ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"అల్లం చట్నీ మీ దిక్కు తింటరమ్మా. ఈడ పల్లి చట్నీ. తిని చూడు, మల్ల అడుగుతవు."

ఆమె అన్నట్టే మళ్లీ అడిగి వేయించుకున్నాను. నాలుగు ఇడ్లీలు నలభై రూపాయలు, చట్నీకి లెక్క లేదు. మా ఊళ్లో రెండోసారి చట్నీ అడిగితే బండివాడు ఎటో చూస్తాడు.

అక్కడే నర్సింహ ఆటో దొరికింది. నలభై ఏళ్ల మనిషి, మాట తొందర, నడక నిదానం. మూడు రోజులు తిప్పడానికి ఒప్పందం చేసుకున్నాం. దారిలో ఎందుకొచ్చానో అడిగితే చెప్పాను. నాలా మాట వినగానే ఆటోను పక్కకు తీసి ఆపేశాడు.

"ఏ కాలనీ మేడం?"

చెప్పాను.

"అరె, నేనుండేది గాడనే! ముందుగాల మా ఇల్లు జూడు. తర్వాత డబ్బా సంగతి."

నర్సింహ ఇల్లు

రెండు గదుల ఇల్లు. గడపకు అడ్డంగా మోకాలెత్తు ఇటుకల కట్ట. లోపలికి వెళ్లాలంటే చీర కుచ్చిళ్లు పట్టుకుని దాన్ని దాటాలి. గోడ మీద నడుమెత్తున బొగ్గుతో గీసిన గీత ఉంది. పోయిన ఏడు ఒక పెద్దవానకు నీళ్లు అంతవరకు వచ్చాయని, బియ్యం డ్రమ్ము వంటగదిలోంచి ముందుగదిలోకి తేలుతూ వచ్చిందని చెప్పాడు. తారీఖు కూడా చెప్పాడు. ఆ రాత్రి పిల్లలిద్దరినీ అటక మీద కూర్చోబెట్టాడట.

నా ఫోన్‌లో జంగయ్య లెక్కల పట్టిక ఉంది. ఆ తారీఖు వెతికాను. నలభై ఎనిమిది మిల్లీమీటర్లు.

"ఆ రోజు వాన అంత పెద్దది కాదండీ. నలభై ఎనిమిదికి ఇంతెత్తు నీళ్లు రావు. కాలువ ఎక్కడో పూడిపోయి ఉంటుంది" అన్నాను. పట్టిక చూసి మాట్లాడేటప్పుడు నా గొంతులో కొంచెం పంతులమ్మ దిగుతుంది. నా గుణం నాకు తెలుసు.

నర్సింహ గీత వైపు చూశాడు, నా ఫోన్ వైపు చూశాడు.

"మీ ఫోన్ల గట్ల ఉన్నదా? మరి నా బియ్యం డ్రమ్ము ఏం జేసింది మేడం, ఈత నేర్చుకున్నదా?"

నేను నవ్వాను. అతను నవ్వలేదు. బయటికొచ్చి ఆటోను తుక్కుగూడ వైపు తిప్పాడు.

తుక్కుగూడ రోడ్డు దాటాక

పెద్ద రోడ్డు వదిలి లోపలికి వెళ్తే జంగయ్య వాళ్ల ఊరు. ఎయిర్‌పోర్టు వచ్చినప్పుడు పొలం సగం పోయిందట. మిగిలిన ఎకరన్నరలో కంది, టమాట, గట్టు పొడుగునా మక్క, అంటే మా మొక్కజొన్న. ఆయనకు డెబ్బై ఉంటాయి. సన్నగా, నిటారుగా ఉంటాడు. కొద్ది నిమిషాలకొకసారి ఇంటి మీదుగా విమానం దిగుతుంది. అది వచ్చినప్పుడు ఆ ఇంట్లో మాట ఎక్కడుంటే అక్కడ ఆగిపోతుంది. ఆయనా, భార్య యాదమ్మా నోరు తెరిచి ఉంచుకునే ఆగి, చప్పుడు తగ్గాక వదిలేసిన మాట నుంచే అందుకుంటారు. నాకు అది చేతకాలేదు. నేను అరుస్తూ మాట్లాడి గొంతు పోగొట్టుకున్నాను.

డబ్బా దగ్గరికి వెళ్తుంటే ఎర్రమట్టిలో నా చెప్పు కూరుకుపోయి ఉంగటం తెగింది. యాదమ్మ జంగయ్య రబ్బరు చెప్పులు తెచ్చి నా ముందు పడేసింది. నా పాదాలకు అవి రెండంతలు. అలాగే టపటపలాడుతూ వెళ్లి డబ్బాను పరీక్షించాను. చుట్టూ ముళ్లకంచె, దగ్గర్లో చెట్టు లేదు, గోడ లేదు. మేస్త్రీలు వాడే రసమట్టం ఒకటి సంచిలో తీసుకెళ్లాను. డబ్బా అంచు మీద పెడితే బుడగ సరిగ్గా నడుమ నిలబడింది.

"మంచిగున్నదా బిడ్డా?" అన్నాడు జంగయ్య, పరీక్ష రాసిన పిల్లాడిలా చేతులు కట్టుకుని.

"చాలా బాగుంది జంగయ్య గారూ. మా ఆఫీసు డబ్బా కూడా ఇంత నిటారుగా ఉండదు."

"రోజు ఎనిమిదిన్నరకు కొలుస్త. ఒక్క పొద్దు గూడ తప్పలే."

"మా బిడ్డ పెండ్లినాడు గూడ ముందుగాల డబ్బ కాడికే పోయిండు" అంది యాదమ్మ. "పెండ్లి పిలగాడు వచ్చి నిలబడ్డడు, ఈయన వానను చూస్తున్నడు."

"నోట్‌బుక్కులు చూస్తవా?" అని అడిగాడు జంగయ్య. పాత ఇనుప పెట్టె వైపు అప్పటికే నడుస్తున్నాడు. అవన్నీ మా కంప్యూటర్‌లో ఎక్కించినవే, అక్కర్లేదన్నాను. ఆయన ఆగిపోయాడు. ఏదో అడగాలన్నట్టు నా మొహంలోకి చూశాడు. ఇంతలో విమానం వచ్చింది. అది వెళ్లాక ఆ ఒక్కసారి మాత్రం ఆయన తన మాటను అందుకోలేదు.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టారు. మా వైపు పచ్చిపులుసంటే వంకాయ కాల్చి వేస్తాం. ఇక్కడ చింతపండు నీళ్లలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నువ్వుల పొడి. ఇదేం పులుసని మొదట అనుకున్నాను, గిన్నె ఖాళీ అయ్యాక మాత్రం అనుకోలేదు.

తింటూ ఉండగా జంగయ్య నా ఉద్యోగం గురించి అడిగాడు. మోడల్‌కు పాత ఏళ్లతో పరీక్ష పెడతామని చెబితే తల ఊపాడు.

"నేను గూడ గట్లనే జేసిన. ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తయంటరు గదా. నిజమా కాదా అని పుస్తకాలు తీసి చూసిన. కొన్నేండ్లు అయితున్నది, కొన్నేండ్లు అయితలేదు. సగానికి సగం."

"మరి సామెతను వదిలేశారా?"

"ఎందుకు ఇడుస్త? సగమన్న చెప్తున్నది గదా. నమ్ముత, గాని విత్తనం మొత్తం ఒక్కసారి ఎయ్య."

మా పెద్దసారు ప్రతి మీటింగులో అరగంట చెప్పే సంగతి ఇంతే కదా అనుకున్నాను. తీసేయకు, పూర్తిగా మీద వాలిపోకు.

అప్పుడే పక్కింటామె కందులు కొనుక్కోవడానికి వచ్చింది. యాదమ్మ శేరుతో కొలిచి ఆమె సంచిలో పోసింది. "లాభం... రెండు... మూడు..." నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడా కుంచంతో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనేది కాదు. గింజకు ఒకటి అంటే అక్కడితో ఆగిపోతుందట, అందుకని మొదటి కొలతను లాభం అనాలి. చట్నీ మారింది, పులుసు మారింది, ఇది మాత్రం ఇక్కడా అదే. ముచ్చటపడి యాదమ్మకు అదే మాట చెప్పాను. ముచ్చట పడటం దగ్గరే నా తెలివి ఆగిపోయింది.

సాయంత్రం లాడ్జికి తిరిగొస్తూ మనసు తేలిగ్గా ఉంది. డబ్బా బాగుంది, లెక్క బాగుంది, తప్పు మోడల్‌దే. సంతకం పెట్టొచ్చు. బియ్యం డ్రమ్ము సంగతి ఒక్కటే చెప్పులో రాయిలా గుచ్చుకుంటూ ఉంది.

రెండో రోజు, ఎనిమిదిన్నర

ఆ రాత్రంతా వాన. పొద్దున ఏడింటికి లాడ్జి తలుపు ఎవరో దబదబా కొట్టారు. తీస్తే నర్సింహ. ప్యాంటు మోకాళ్లదాకా తడిసి ఉంది.

"ఇటుకల కట్ట దాటి వచ్చినయి మేడం నీళ్లు. రాత్రంత నిద్ర లేదు. ఇయ్యాల ఎంత పడ్డదో నీ డబ్బనే అడుగుదాం, పా."

తల కూడా దువ్వుకోకుండా బయల్దేరాను. దారిలో అతను అన్న మాట ఒక్కటే. "తప్పు పాత నాలాది అయితే నాలా అని రాయి. వానది అయితే వాన అని రాయి. గంతే. అబద్ధం మాత్రం నా ఇంటి మీద రాయకు." నిన్న పట్టిక చూసి నేను చెప్పింది అతనికి అబద్ధంగా వినబడిందని అప్పుడు తెలిసింది. మొహం మీద కొట్టినట్టయింది.

సరిగ్గా ఎనిమిదిన్నరకు జంగయ్య డబ్బా మూత తీశాడు. లోపలి సీసాలో నీళ్లున్నాయి. కొలత గ్లాసు సన్నగా పొడుగ్గా ఉంటుంది, నిండా పోస్తే ఇరవై మిల్లీమీటర్లు. అంతకంటే పెద్దవాన అయితే ఒక గ్లాసు నింపి, పారబోసి, మళ్లీ నింపాలి. ఆయన సీసా వంచి మొదటి గ్లాసు నింపాడు. కంటికి ఎదురుగా ఎత్తి చూసి, నీళ్లను టమాట మొక్క మొదట్లో పోశాడు.

"లాభం" అన్నాడు.

రెండో గ్లాసు. "రెండు."

మూడో గ్లాసు. "మూడు."

నాలుగోసారి గ్లాసు నిండలేదు. "ఆరు మిల్లీమీటర్లు" అని చదివి, చంకలోని నోట్‌బుక్కు తీసి రాశాడు. నేను ఆయన భుజం మీంచి తొంగి చూశాను. గళ్లు గీసిన పేజీ. ఆ రోజు తారీఖు ఎదురుగా వరసగా నాలుగు గళ్లలో: లా, 20, 20, 6.

ఆయన చేతిలోంచి నోట్‌బుక్కు లాక్కున్నంత పని చేశాను.

ఎందుకో చెబుతాను. జంగయ్య నోట్‌బుక్కుల పేజీల ఫొటోలు మా ఆఫీసుకు వచ్చాయి. వాటిని కంప్యూటర్‌లో ఎక్కించడానికి ఒకతన్ని పెట్టాం. వేరే ఊళ్ల పుస్తకాల్లో ఉరుములు, మెరుపులు, 'పక్కింట్లో చావు' లాంటి మాటలు కూడా గళ్లలో రాసి ఉండేవి. విసుగొచ్చి అతనికి చీటీ రాసిచ్చాను: "అంకెలు మాత్రమే ఎక్కించండి. అక్షరాలు వదిలేయండి." ఆ చీటీ నాది, కింద సంతకమూ నాదే. అతను చెప్పినట్టే చేశాడు. లా వదిలేసి, ఇరవై, ఇరవై, ఆరు కలిపి నలభై ఆరు వేస్తాడు. అసలు పడింది అరవై ఆరు.

ఇరవై లోపు వానకు ఒక్క గ్లాసూ నిండదు, లా రాయాల్సిన పనే లేదు. అందుకే చిన్నవానల లెక్క తప్పలేదు. పెద్దవాన పడిన ప్రతిసారీ మొదటి గ్లాసు మాయమైంది. ముప్పై ఏళ్ల లెక్కంతటా. నేను మోడల్‌ను తప్పుపట్టి, దాని చెయ్యి పట్టుకుని పెద్దవానలను చిన్నవి చేయించాను.

"పెట్టె తెరవండి బాపూ" అన్నాను. ఇక్కడివాళ్లు నాన్నను పిలిచే ఆ పిలుపు ఎప్పుడు నోట్లోకి వచ్చిందో తెలియదు.

ఇనుప పెట్టె

ఆ రోజూ, మర్నాడూ జంగయ్య వసారాలో చాప మీద కూర్చున్నాం. నోట్‌బుక్కులు ఒక్కొక్కటీ తీసి, లా ఉన్న ప్రతి తారీఖునూ రాసుకున్నాను. నర్సింహ ఆటో కిరాయిలకు వెళ్లకుండా పేజీలు తిప్పిపెట్టాడు. పోయిన ఏటి పుస్తకం మాత్రం నాకివ్వకుండా తనే పట్టుకుని వెతికాడు. దొరికాక పేజీ నా ముందు పెట్టి వేలితో చూపించాడు. లా, 20, 20, 8.

"చెప్పు మేడం. ఎంత?"

"అరవై ఎనిమిది."

"నలభై ఎనిమిది అన్నవ్ గదా."

"తప్పు చెప్పాను. తప్పు నాదే నర్సింహా" అన్నాను. జంగయ్య పెరటికీ అతని కాలనీకీ మధ్య దూరముంది, అక్కడ ఇంకెంత పడిందో ఎవరికీ తెలియదని కూడా చెప్పాలి, చెప్పాను. అతను అదేమీ వినిపించుకోలేదు. పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని ఆ గళ్ల వైపే చూస్తున్నాడు. కళ్లు తడయ్యాయి. "నష్టం రాయించనీకె పోతే తాగి చెప్తున్న అన్నరు మేడం ఆఫీసుల. డ్రమ్ము తేలిందంటే నవ్విన్రు" అన్నాడు. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

యాదమ్మ కాల్చిన మక్క కంకులు తెచ్చి అందరి చేతుల్లో పెట్టింది. నాకు తినబుద్ధి కాలేదు. జంగయ్య అప్పుడు, మొదటి రోజు అడగబోయి ఆగిపోయిన సంగతి బయటపెట్టాడు. పెట్టె అడుగు నుంచి మడతలు పడ్డ కాగితం తీశాడు. మా ఆఫీసు ఎప్పుడో పంపిన అచ్చు పట్టిక. పెద్దవానల పక్కన పెన్సిలుతో చిన్న చిన్న చుక్కలు.

"గిది వచ్చినప్పుడే చూసిన బిడ్డా. పెద్దవాన పడ్డప్పుడల్ల ఇరువై తక్కువున్నది."

"మరి ఫోన్ చేసి అడగలేకపోయారా?"

ఆయన మొహమాటంగా నవ్వాడు. "వడ్లు అమ్మనీకె పోతే బస్తకు ఇంత అని తరుగు తీస్తరు గదా. మట్టి అంటరు, తేమ అంటరు. మనం అడుగుతమా? ఆఫీసోళ్లు వానకు గూడ తరుగు తీస్తరేమో అనుకున్న."

పైన విమానం దిగుతోంది. జంగయ్య, యాదమ్మ ఆగారు. ఇన్నేళ్లు ప్రతి పొద్దునా గ్లాసు కంటికెత్తి చూసి రాసిన మనిషి, తన లెక్క కోసేస్తున్నారని తెలిసీ, అది లోకరీతి అనుకుని మర్నాడు మళ్లీ ఎనిమిదిన్నరకు డబ్బా దగ్గరికి వెళ్లాడు. నాకు సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది.

సాయంత్రం మా పెద్దసారుకు ఫోన్ చేసి చెప్పాను.

"సవరణ తీసేస్తే నాలా గీతలన్నీ మళ్లీ గీయాలి. తప్పు నీ పేరు మీద రాయాల్సి వస్తుంది, తెలుసా?"

"రాస్తానండి."

"చీటీ కూడా జతచేస్తావా?"

"చేస్తానండి."

తిరిగొచ్చాక

ఇంటికొచ్చి పోయిన గ్లాసులన్నీ వెనక్కి చేర్చి పరీక్ష మళ్లీ పెట్టాను. పెద్దవానల దగ్గర మోడల్ చాలావరకు నిలబడింది. అలాగని దానికి దండ వేయక్కర్లేదు. చిరుజల్లుల జబ్బు అలాగే ఉంది, అన్నిటికంటే పెద్దవానలను మాత్రం తగ్గించే చెబుతోంది. జంగయ్య సామెతతో చేసినట్టే చేయాలి దానితో. ఎంతవరకు చెప్పగలదో అంతవరకే నమ్మాలి. ఇన్నాళ్లూ మోడల్‌ను అనుమానించడం నా పని అనుకున్నాను, మోడల్‌ను కొలిచే కొలతను అనుమానించడం మరిచిపోయాను. దాన్ని అనుమానించినప్పుడు కూడా డబ్బా నిటారుగా ఉందో లేదో చూశాను కానీ, ఆ గళ్లలో రాసింది చదవలేదు.

తప్పు ఒప్పుకుంటూ కాగితం పంపాను, చీటీ జతచేశాను. పాత వెడల్పు ఆగిపోయింది, కొత్తగా లెక్కలు కడుతున్నారు. వచ్చే వానాకాలానికి నాలా అవుతుందో లేదో చెప్పలేను. నర్సింహ ఇటుకల కట్టను ఇంకో రెండు వరసలు పెంచాడట.

మొన్న ఉత్తర కార్తెలో ఒక పొద్దున వంటింట్లో ఉండగా ఫోన్ మోగింది. టైము ఎనిమిదీ ముప్పై ఐదు.

"లాభం, రెండు, తొమ్మిది" అన్నాడు జంగయ్య, పలకరింపు కూడా లేకుండా. "ఎక్కించుకో బిడ్డా."

కంప్యూటర్ దగ్గరికి వెళ్లి కొట్టాను. ఆయన ఫోన్ పెట్టేయలేదు. ఇంతలో అటువైపు విమానం వచ్చింది. ఇద్దరం ఆగాం, ఈసారి నేనూ ఆగగలిగాను. చప్పుడు తగ్గాక అడిగాడు.

"ఎంత పడ్డది?"

"నలభై తొమ్మిది బాపూ."

"తరుగు?"

"లేదు."

అప్పుడు పెట్టేశాడు.